బుట్ట కింద దీపం: కార్తీకం రోజూ నేర్పే పాఠాలు

 

కార్తీక మాసం అమావాస్యతో పూర్తవుతుంది.  "పౌర్ణమి వెళ్లిపోయింది, ఇంకేముందిలే" అని చాలామంది అనుకుంటారు. నాకైతే ఈ చివరి రోజులే ఇష్టం. హడావుడి తగ్గుతుంది, గుళ్లో క్యూ చిన్నదవుతుంది, నెలంతా చేసిన పనులు మనకు ఏం చెప్పాయో కూర్చుని ఆలోచించుకోవడానికి కాస్త తీరిక దొరుకుతుంది.

నేను పండితురాలిని కాను. పొద్దున తొమ్మిదిన్నరకి మొదటి మీటింగ్‌లో కూర్చుని రాత్రి ఎప్పుడో లాప్‌టాప్ మూసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. శాస్త్రం గురించి తీర్పులు చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఏ నియమం ఇచ్చినా "ఇది ఎవరి కోసం పెట్టారు?" అని అడగడం మా వృత్తిలో అలవాటు. ఈ నెలలో చేసే ఒక్కొక్క పని ముందు ఆ ప్రశ్న పెట్టి చూశాను. ప్రతిసారీ ఒకే జవాబు వచ్చింది: నీ ఒక్కదాని కోసం కాదు, నీ పక్కన ఉన్నవాళ్ల కోసం కూడా. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఆ ఒక్క మాటే.

తేటపడిన నీళ్లు

ఆశ్వయుజం, కార్తీకం కలిసి శరదృతువు. పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికా నక్షత్రం దగ్గర ఉంటాడు కాబట్టి ఈ నెలకు కార్తీకమని పేరు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకి ఈ ఋతువు గురించి పుస్తకం చదవక్కర్లేదు. శ్రావణ భాద్రపదాల్లో వరదొచ్చినప్పుడు గోదావరి ఎర్రగా ఉంటుంది. గ్లాసులో పట్టుకుంటే అడుగున బురద కనబడుతుంది. కార్తీకానికి వచ్చేసరికి అదే నది తేటగా, నెమ్మదిగా ఉంటుంది. ఎవరూ వడకట్టలేదు. నీటి ఉరవడి తగ్గింది, బురద దానంతట అదే కిందకి దిగింది.

తెల్లవారుజామున స్నానం చేయమని చెప్పింది కూడా అందుకేనేమో అనిపిస్తుంది. ఫోన్ మోగకముందు, ఎవరూ మనల్ని ఏదీ అడగకముందు, ఒక పావుగంట. చలికి వణుకుతూ మొదటి చెంబు పోసుకునే క్షణంలో నిన్నటి గొడవ ఏదీ గుర్తుండదు. అందరికీ నది దొరకదు. నాకు హైదరాబాద్‌లో దొరికేది బకెట్టే. అయినా తల తుడుచుకుని బాల్కనీలో ఒక ప్రమిద వెలిగించాక మొదటి మీటింగ్‌లో నా గొంతు మారుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు అడిగిన ప్రశ్ననే మూడోసారి అడిగినా విసుగు రాదు. అంటే నేను చేసిన స్నానం ఫలం ముందు అందింది ఆ కుర్రాడికి!

మర్చిపోయేవాళ్ల కోసం కూడా

పౌర్ణమి నాడు 365 వత్తుల కట్ట వెలిగిస్తాం కదా. ఏడాదిలో ఏ రోజైనా దీపం పెట్టడం కుదరకపోతే, ఆ రోజుల లోటు దీంతో తీరుతుందని పెద్దల నమ్మకం. నన్ను బాగా ఆకట్టుకునే ఆచారం ఇది. మనిషి అన్నాక మర్చిపోతాడు, జ్వరం వస్తుంది, ఊరెళతాడు, పురుడొస్తుంది, మైల వస్తుంది, నైట్ షిఫ్ట్ పడుతుంది. పెద్దలు అవన్నీ ముందే లెక్కేశారు. "నువ్వు తప్పావు, పో" అనలేదు. "రా, ఈ ఒక్క రోజు వెలిగించుకో" అన్నారు.

నక్తం కూడా అంతే. పగలంతా ఉపవాసం ఉండి నక్షత్ర దర్శనం అయ్యాక భోజనం. ఆకలి అంటే ఏమిటో ఒక్క పూట తెలిస్తే, రోజూ ఆకలితో ఉండేవాళ్లు గుర్తొస్తారు. కానీ మీ ఇంట్లో సుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఉంటే, దయచేసి వాళ్లని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టకండి. "సోమవారం ఉపవాసం మానేశావా అత్తయ్యా?" అని అడక్కండి. పళ్లెంలో ఇడ్లీ పెట్టి ఎదురుగా కూర్చోండి. అది కూడా శివార్చనే.

ఆ శ్లోకంలో దోమ కూడా ఉంది

కార్తీక పౌర్ణమి నాడు దీపం వెలిగించాక చదివే శ్లోకం మీలో చాలామందికి కంఠస్థం. ఎప్పుడైనా దాని అర్థం మీద మనసు పెట్టారా? ఈ దీపాన్ని చూసినందుకు ఎవరెవరికి మళ్లీ జన్మ లేకుండా పోవాలని అందులో కోరుకుంటున్నామో చూడండి. పురుగులు, మిడతలు, దోమలు, చెట్లు, నీటిలో బతికేవి, నేల మీద బతికేవి. మనుషుల్లో కూడా, లోకం అందరికన్నా కింద నిలబెట్టినవాడి దగ్గర నుంచి చదువుకున్న విప్రుడి దాకా అందరూ.

దోమ! సాయంత్రమైతే బ్యాట్ పట్టుకుని తరిమే దోమ. వెలిగించినవాళ్లకే పుణ్యం అనలేదు. చూస్తే చాలు అన్నారు. దీపానికి గేటు లేదు, టికెట్ లేదు.

ఆకాశదీపం చూడండి. గుళ్లో ధ్వజస్తంభం మీదకి తాడుతో లాగి దీపాన్ని అంత ఎత్తున ఎందుకు కడతారు? కింద నిలబడినవాళ్లకి వెలుగు కావాలంటే కిందే పెట్టొచ్చు. గుడి దాకా రాలేనివాళ్లకి, మంచం మీద ఉన్నవాళ్లకి, కిటికీలోంచి చూసేవాళ్లకి కూడా కనబడాలని పెట్టినట్టే నాకు అనిపిస్తుంది. జ్వాలాతోరణంలో కాలగా మిగిలిన గడ్డిని పల్లెల్లో పట్టుకెళ్లి పశువుల మేతలో కలుపుతారు. అంటే ఆ రోజు పుణ్యంలో కొట్టంలోని ఆవుకి కూడా వాటా ఉంది.

కార్తీక పురాణం 30 అధ్యాయాలు రోజుకొకటి చదువుతాం. అందులో వశిష్ఠుల వారు జనక మహారాజుకి చెప్పిన కథల్లో తరించినవాళ్ల జాబితా వేయండి. ఒక ఎలుక ఉంటుంది. ఒక కిరాతుడు ఉంటాడు. దీపం పెట్టడానికి నాటిన స్తంభం కూడా ఉంటుంది, ఒక మొద్దు! ఆరో అధ్యాయంలో భర్త పోయిన ఒక స్త్రీ ఉంటుంది. చాలా పిసినారి మనిషి. ఇంటికొచ్చిన ఒక బ్రాహ్మణుడి మాట విని మారింది. కార్తీక స్నానాలు చేసింది, దానధర్మాలు చేసింది, తరించింది. "నీకు భర్త లేడు కదా, నీకెందుకు ఈ వ్రతం?" అని ఆ కథలో ఎవరూ అడగరు.

ఈ ఆరో అధ్యాయం దగ్గర నేనెందుకు ఆగానో చెప్పాలి.

మా అమ్మ సంచిలోకి తిరిగి వెళ్లిన వత్తులు

మా నాన్న పోయి మూడేళ్లవుతోంది. పోయినేడాది పౌర్ణమికి నేను సెలవు పెట్టి రాజమండ్రి వెళ్లాను. అమ్మ మధ్యాహ్నం నుంచి వత్తుల కట్టని నేతిలో నానబెట్టింది. సాయంత్రం ఇద్దరం గుడికి వెళ్లాం. ఉసిరి కొమ్మ పెట్టిన చోట ఆడవాళ్లంతా వరసగా కూర్చుని ఉన్నారు. అమ్మ కూడా చోటు చూసుకుని ముగ్గేసి ప్రమిద పెట్టింది. పక్కనున్న ఒక పెద్దావిడ, మాకు తెలిసినావిడే, గొంతు తగ్గించి అంది: "నువ్వు కాస్త అవతలికి జరగమ్మా, ముందు ముత్తయిదువల్ని వెలిగించుకోనీ."

ఆవిడ గొంతులో కోపం లేదు. చెడ్డ మనిషి కూడా కాదు. తనకి ఎవరో చెప్పిందే తను చెప్పింది. కానీ అమ్మ ఏమీ అనలేదు. నానిన వత్తుల కట్టని కవర్లో పెట్టి, ఆ కవర్‌ని సంచిలో పెట్టేసుకుంది. నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. సంచి అడుగంతా నెయ్యి కారింది.

ఆ తర్వాత రోజూ తులసికోట దగ్గర ఒక్క వత్తి వెలిగించేది. గుడికి రమ్మంటే "ఎందుకే ఇప్పుడు నాకు అవన్నీ" అనేది. ముప్పై ఏళ్లు ఏ కార్తీక సోమవారం గుడి మానని మనిషి. నాన్నతో కలిసి ఆర్టీసీ వాళ్ల పంచారామాల బస్సెక్కి, అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒక్క రోజులో తిరిగొచ్చి, మర్నాడు కాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటూ నవ్విన మనిషి. ఆవిడకి శివుడితో ఉన్న స్నేహం నాన్న ద్వారా వచ్చింది కాదు. నాన్న పోతే పోవడానికి!

పోలి ఏం చేసింది?

అమావాస్య దగ్గర పడుతుండగా ఒక రాత్రి నేను అమ్మని అడిగాను, "పోలి కథ చెప్పవూ" అని. నా చిన్నప్పటి నుంచి ఏటా చెప్పే కథే. మీ ఇంట్లో కాస్త వేరుగా చెప్పుకుంటారేమో. మా ఇంట్లో కథ ఇది.

ఒక ఊళ్లో ఒక అత్తగారు, ఆవిడకి నలుగురైదుగురు కోడళ్లు. చిన్న కోడలు పోలి. పోలికి దేవుడంటే ప్రాణం. అది అత్తగారికి కంటగింపు. తనంత భక్తురాలు లేదని ఆవిడ నమ్మకం. కార్తీకం రాగానే పెద్ద కోడళ్లని వెంటబెట్టుకుని తెల్లారకముందే నదికి వెళ్లిపోయేది. వెళ్తూ వెళ్తూ పోలికి ఇంటెడు పని అప్పజెప్పేది. దీపం పెట్టుకోవడానికి నూనె, వత్తి, ప్రమిద ఏదీ దొరక్కుండా దాచేసి మరీ వెళ్లేది.

పోలి ఏడుస్తూ కూర్చోలేదు. అత్తగారితో తగువుకీ దిగలేదు. నూతి దగ్గర స్నానం చేసింది. పెరట్లో పత్తిచెట్టు కింద రాలిన దూది ఏరి వత్తి చేసింది. మజ్జిగ చిలికిన కవ్వానికి అంటుకున్న వెన్న తీసి ఆ వత్తికి రాసింది. దీపం వెలిగించింది. ఎవరైనా చూస్తారేమోనని దాని మీద బుట్ట బోర్లించింది. నెలంతా అలాగే చేసింది.

చివరి రోజున ఆమె కోసం విమానం వచ్చింది. బొందితో స్వర్గానికి తీసుకెళుతుంటే నది నుంచి తిరిగొస్తున్న అత్తగారూ తోడికోడళ్లూ చూశారు. మేమూ వస్తామని పోలి కాళ్లు పట్టుకుని వేలాడారు. కానీ అందుకోలేకపోయారు.

అమ్మ కథ చెబుతూ బుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత తనే అంది: "దేవుడికి బుట్ట అడ్డం కాలేదు చూశావా."

ఆ ఒక్క మాటలో నాకు కార్తీక పురాణం మొత్తం వినబడింది. అత్తగారు నదిలో మునిగింది, ఘనంగా దీపాలు పెట్టింది. ఆవిడ నియమంలో లోటు లేదు. లోటు ఎక్కడుందంటే, తన దీపం వెలగాలంటే ఇంకొకరి దీపం వెలగకూడదు అనుకోవడంలో. ఊరు ఊరంతా వెళ్లే నదికి ఇంట్లో ఒక మనిషిని రానివ్వకపోవడంలో. విమానం నది దగ్గర ఆగలేదు. వెలివేసిన పెరటికి వచ్చింది.

పోయినేడాది పోలి పాడ్యమి తెల్లవారుజామున అమ్మ నన్ను లేపింది. ఇద్దరం కోటిలింగాల రేవుకి వెళ్లాం. అరటి దొప్పలో వత్తులు పెట్టి అమ్మ వెలిగించింది. గాలి బాగా వీస్తోంది. పక్కన కాలేజీ వయసు అమ్మాయి ఒకతె అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తోంది, ఏదీ నిలవడం లేదు. "ఆంటీ, మీ దీపంతో అంటించుకోనా?" అని అడిగింది. అమ్మ మెళ్లో ఏముంది, నుదుట ఏముంది, ఆ అమ్మాయి చూడనే లేదు. అమ్మ దొప్పని ఆమె వైపు వంచి, రెండో చేత్తో గాలి అడ్డం పెట్టింది. రెండు దొప్పలూ కలిసే నీళ్లలోకి వెళ్లాయి.

మిగిలిన ఈ కొన్ని రోజుల్లో

ఇంటింటి ఆచారాలు వేరని నాకు తెలుసు. ఎవరి పెద్దలు చెప్పింది వారికి గొప్ప. నేను ఎవరితోనూ తగువుకి రావడం లేదు. ఒక్క చిన్న లెక్క మాత్రం మీ ముందు పెడుతున్నాను. దోమ చూసినా తరిస్తుందని మనం చదువుతున్న దీపం దగ్గర, భర్తని పోగొట్టుకున్న మనిషికి మాత్రం చోటు ఉండకూడదంటే, మనం చదివే శ్లోకానికీ చేసే పనికీ పొంతన కుదరడం లేదు. రెంటిలో ఒకటి మార్చుకోవాలి. శ్లోకాన్ని మార్చలేం కదా.

అందుకని నాకు తోచిన నాలుగు పనులు చెబుతాను. ఇవేవీ పెద్ద ఖర్చు కావు.

మొదటిది. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ అపార్ట్‌మెంట్లో ఈ ఏడాది దీపం దగ్గరికి రాకుండా వెనక నిలబడిన మనిషి ఎవరో ఒక్కసారి చూడండి. అమ్మమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు, విడాకులు తీసుకున్న అక్క కావచ్చు, పిల్లలు లేరని మాటలు పడ్డ వదిన కావచ్చు. "మీరూ రండి" అని ఊరికే పిలిస్తే రారు, మొహమాటపడతారు. చేతికి వత్తి ఇచ్చి "పిన్నీ, ఇది మీరు వెలిగించండి" అనండి.

రెండోది వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద పనస ఆకుల్లోనో అరిటాకుల్లోనో నలుగురూ కలిసి తినడం అసలు సంప్రదాయం. ఇప్పుడు చాలా ఊళ్లలో ఏ కులం వాళ్లకి ఆ కులం బ్యానర్ కట్టి వేరు వేరుగా పెట్టుకుంటున్నారు. మనవాళ్లందరినీ కలుసుకోవడంలో ఆనందం ఉంది, కాదనను. కానీ ఉసిరి చెట్టు నీడ బ్యానర్ చూసి పడదు. మీ వనభోజనానికి ఈసారి మీ వాచ్‌మన్ కుటుంబాన్ని పిలవండి. వడ్డించడానికి కాదు. పంక్తిలో మీ పక్కన కూర్చోవడానికి.

మూడోది నది గురించి. నీటిలో బతికేవి కూడా తరించాలని చదువుతూ అదే నీటిలోకి థర్మకోల్ పళ్లేలు, ప్లాస్టిక్ కవర్లు వదిలితే చేప ఏమనుకుంటుంది? అరటి దొప్ప చాలు. నూనె ప్యాకెట్లు, అగరుబత్తి పెట్టెలు తిరిగి సంచిలో వేసుకుని రండి. రేవు మెట్ల మీద పాచి ఉంటుంది, పెద్దవాళ్ల చెయ్యి వదలకండి. కిందున్న దీపాలకి చీర కొంగులు, చున్నీలు తగలకుండా దోపుకోండి. భక్తి అంటే జాగ్రత్త కూడా.

నాలుగోది, దూరంగా ఉన్నవాళ్ల కోసం. అమెరికాలో, దుబాయ్‌లో, ఇక్కడే హాస్టళ్లలో ఉండి "మాకు నది లేదు, తులసి లేదు, రూమ్‌లో దీపం పెడితే ఫైర్ అలారం మోగుతుంది" అని మెసేజ్‌లు పెడుతుంటారు. పోలికి కూడా నది లేదండీ. నూనె లేదు, ప్రమిద లేదు. దూది, వెన్న, మనసు ఉన్నాయి. మీకు మంట పెట్టడం కుదరకపోతే ఆ పావుగంట ఇంటికి ఫోన్ చేయండి. అమ్మ దీపం పెడుతుంటే వీడియో కాల్‌లో చూడండి. చూస్తే చాలని చెప్పారు కదా.

అమావాస్య మర్నాడు పోలి పాడ్యమి. ఆ తెల్లవారుజామున నీళ్లలోకి దీపం వదిలేటప్పుడు "పోలీ, స్వర్గానికి వెళ్లిరా" అని మనసులో అనుకుంటాం. ఈసారి దాంతోపాటు ఇంకొకటి కూడా చేద్దాం. మన ఇంట్లో ఎవరి దీపం మీదైనా మనమే బుట్ట బోర్లించి ఉంటే, దాన్ని మన చేత్తోనే తీసేద్దాం.

మీ ఇంటి దీపం అందరికీ కనబడాలని, అందులో అందరికీ చోటు దొరకాలని ఆ పరమేశ్వరుణ్ణి కోరుకుంటూ సెలవు.

హర హర మహాదేవ.